కామెర్లన్నీ ఒకటి కావు: పైత్యనాళ క్యాన్సరు, దాని నిర్ధారణ, చికిత్స

మన వాడుకలో కొన్ని మాటలు వ్యాధుల పేర్లుగా చలామణి అవుతుంటాయి. పరిశీలించి చూస్తే అవి వ్యాధుల పేర్లు కావు, లక్షణాల పేర్లు. 'కామెర్లు' అట్టి మాటలలో ఒకటి. సంస్కృతంలోని 'కామల' తెలుగువారి నోట 'కామెర' అయింది. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దీనినే 'యర్ఖాన్' అంటారు. ఆంగ్లంలోని 'జాండిస్' అన్న పదం పసుపుపచ్చ అని అర్థమిచ్చే ఫ్రెంచి పదం నుండి పుట్టింది. ఏ భాషలో ఏ పేరుతో పిలిచినా ఆ మాట మనకు తెలిపేది ఒక్కటే: కళ్ళు, చర్మం పచ్చబడ్డాయి అని. ఎందుకు పచ్చబడ్డాయో ఆ మాట చెప్పదు. జ్వరం మలేరియా వలన రావచ్చు, టైఫాయిడు వలన రావచ్చు. కామెర్లు కూడా అట్లే అనేక కారణాల వలన వస్తాయి. అయితే జ్వరం విషయంలో 'ఏ జ్వరం?' అని అడగటం మనం నేర్చుకొన్నాము. కామెర్ల విషయంలో 'ఏ కామెర్లు?' అని అడగటం ఇంకా నేర్చుకొనలేదు.

మేము వైద్యులము కాము, భాషను బోధించేవారము. అయినా ఒక మాటను సరిగా అర్థం చేసుకొనకపోవటం వలన ప్రాణాలు పోయే సందర్భం ఉన్నప్పుడు ఆ సంగతి చెప్పటం భాషోపాధ్యాయుల బాధ్యత కూడా అని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాము. ఇందులో ప్రధానంగా పైత్యనాళ క్యాన్సరును గురించి, దానిని కనుగొనే విధానాన్ని గురించి, నేడు లభిస్తున్న చికిత్సలను గురించి వివరిస్తాము.

పైత్యరసం - దాని మార్గం

వాత పిత్త కఫాలన్న ఆయుర్వేద విభజనలోను, సఫ్రా, సౌదా మొదలైన నాలుగు ధాతువులను చెప్పే యునానీ వైద్యంలోను పిత్తానికి పెద్ద స్థానమున్నది. ఆధునిక వైద్యశాస్త్రం ప్రకారం పైత్యరసం కాలేయంలో తయారయ్యే ఆకుపచ్చ పసుపు కలిసిన రంగు గల ద్రవం. రోజుకు సుమారు అర లీటరు నుండి లీటరు వరకు ఇది ఊరుతుంది. కాలేయం లోపల వెంట్రుకల వంటి సన్నని నాళాలలో పుట్టి, చిన్న వాగులు కలిసి ఏరు అయినట్లు, ఆ నాళాలన్నీ కుడి ఎడమ నాళాలుగా కూడుతాయి. ఆ రెండూ కాలేయ ద్వారం వద్ద కలిసి ఒకే నాళమవుతాయి. ప్రక్కనే ఉన్న పిత్తాశయం ఈ రసాన్ని నిలువచేసి చిక్కపరచి, భోజన సమయంలో విడుదల చేస్తుంది. ప్రధాన నాళం క్లోమం తలభాగం గుండా సాగి చిన్నప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో తెరుచుకొంటుంది.

పైత్యరసానికి రెండు పనులున్నాయి. మొదటిది, మనం తిన్న క్రొవ్వును జీర్ణం చేయటంలో తోడ్పడటం. రెండవది, శరీరంలోని కొన్ని వ్యర్థాలను బయటకు పంపటం. మన ఎర్ర రక్తకణాల ఆయువు సుమారు 120 రోజులు. అవి నశించినప్పుడు 'బిలిరుబిన్' అనే పసుపుపచ్చని పదార్థం ఏర్పడుతుంది. కాలేయం దానిని నీటిలో కరిగే రూపానికి మార్చి పైత్యరసంతో ప్రేగులోనికి పంపుతుంది. అక్కడ అది మరికొన్ని మార్పులు చెంది మలానికి సహజమైన గోధుమరంగును ఇస్తుంది.

ఇప్పుడు నాళంలో ఎక్కడో ఒకచోట అడ్డు పడిందనుకొందాము. ప్రేగులోనికి పోవలసిన బిలిరుబిన్ రక్తంలోనికి మరలుతుంది. కళ్ళు, చర్మం పచ్చబడతాయి. నీటిలో కరిగే గుణమున్నది కాబట్టి అది మూత్రంలోనికి దిగి, మూత్రం చిక్కని టీ డికాక్షను రంగుకు మారుతుంది. ప్రేగులోనికి రంగు చేరదు గనుక మలం తెల్లని బంకమట్టి వలె పాలిపోతుంది. పైత్యలవణాలు ఒంటిలో నిలిచిపోవటం వలన దురద పుడుతుంది. రాత్రులు నిద్ర పట్టనంతగా ఆ దురద బాధించవచ్చు. క్రొవ్వుతో పాటు జీర్ణం కావలసిన 'కె' విటమిను ఒంటబట్టదు కాబట్టి రక్తం గడ్డకట్టే శక్తి కూడా తగ్గుతుంది. పచ్చని కళ్ళు, నల్లబడిన మూత్రం, తెల్లబడిన మలం, దురద: ఈ నాలుగూ కలిసి కనిపిస్తే పైత్యం పారే దారిలో అడ్డు ఉన్నదని బలంగా అనుమానించవలసి ఉంటుంది.

మూడు తావులు

ఆ అడ్డు రాయి కావచ్చు, పుండు మానిన మచ్చ వలన ఏర్పడిన సన్నబాటు కావచ్చు, క్యాన్సరు కావచ్చు. నాళపు లోపలి పొరలోనే పుట్టే క్యాన్సరును పైత్యనాళ క్యాన్సరు అంటారు. పుట్టే చోటును బట్టి దీనిని మూడు విధాలుగా విభజిస్తారు. కాలేయం లోపలి నాళాలలో పుట్టేది మొదటిది. కుడి ఎడమ నాళాలు కలిసే కాలేయ ద్వారం వద్ద పుట్టేది రెండవది. క్రింది భాగంలో, క్లోమానికి సమీపాన పుట్టేది మూడవది. మొత్తం రోగులలో సుమారు సగం మందికి వ్యాధి రెండవ తావులో వస్తుంది. అమెరికా దేశపు వైద్యుడు జెరాల్డ్ క్లాట్స్కిన్ 1965లో ఇట్టి 13 కేసులను వర్ణించినందువలన ఆ కణితికి ఆయన పేరే నిలిచింది.

ఈ విభజన కేవలం పుస్తకాల కోసం చేసినది కాదు. క్రింది రెండు తావులలో పుట్టిన కణితి చిన్నదిగా ఉన్నప్పుడే దారిని మూసివేసి కామెర్లను కలిగించవచ్చు. కాలేయం లోపల పుట్టినది మాత్రం చాలాకాలం దాగి ఉండి, ఆకలి మందగించటం, బరువు తగ్గటం, కుడిప్రక్క డొక్క క్రింద బరువుగా ఉండటం వంటి అస్పష్టమైన లక్షణాలనే చూపుతుంది. చికిత్స కూడా తావును బట్టి మారుతుంది.

కారణాలు

ఈ వ్యాధి సాధారణంగా అరుదైనది, ఎక్కువగా యాభై ఏండ్లు దాటినవారికి వచ్చేది. ప్రపంచంలో ఇది అత్యధికంగా కనిపించేది థాయిలాండు ఈశాన్య ప్రాంతంలో. అక్కడి ప్రజలు మంచినీటి చేపలను పచ్చిగానే దంచి, మసాలా దినుసులు కలిపి తినే అలవాటు కలవారు. ఆ చేపలలో ఉండే ఒక జాతి కాలేయపు పురుగు మనిషి పైత్యనాళాలలో చేరి ఏండ్ల తరబడి నివసిస్తుంది. నాళం నిరంతరం వాచి, మాని, మళ్ళీ వాచి, చివరకు క్యాన్సరుకు దారితీస్తుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1994లో ఈ పురుగును మానవులలో క్యాన్సరు కలిగించేదిగా నిర్ణయించింది. చైనా, కొరియాలలో కనిపించే దాని జ్ఞాతి పురుగును 2009లో అదే వర్గంలో చేర్చింది. చేపను బాగా ఉడికించి తినే మన ప్రాంతాలలో ఈ కారణానికి పెద్దగా తావు లేదు.

జపానులోని ఒసాకా నగరంలో ఒక ముద్రణాలయ కార్మికులలో, అందునా చిన్నవయసు వారిలో, ఈ క్యాన్సరు గుంపుగా బయటపడింది. గాలి సరిగా ఆడని గదిలో యంత్రాల సిరాను తుడవటానికి వాడిన డైక్లోరోప్రొపేన్ అనే ద్రావకమే అందుకు హేతువని 2013లో జపాను ప్రభుత్వం అంగీకరించింది. ఇవికాక నాళాలలో రాళ్ళు, పుట్టుకతో వచ్చే నాళపు తిత్తులు, నాళాలను గట్టిపరచే దీర్ఘకాలిక శోథ, బి, సి రకాల హెపటైటిస్, కాలేయం గట్టిపడటం మొదలైనవి కూడా ముప్పును పెంచుతాయి. కాని అధిక సంఖ్యాకులలో ఏ ఒక్క కారణమూ స్పష్టంగా కనిపించదు. అందువలన 'మాకేమీ దురలవాట్లు లేవు కదా' అన్న ధైర్యం ఇక్కడ చెల్లదు.

పసరుమందుకు పేరు ఎట్లా వచ్చింది?

మన పల్లెలలో, పట్టణాలలో కూడా, కళ్ళు పచ్చబడితే మొదట గుర్తుకు వచ్చేది పసరుమందు. ఆకుపసరు త్రాగించటం, ముక్కులో పిండటం, కొన్నిచోట్ల ముంజేతి మీద వాతలు పెట్టటం, ఉప్పు కారం లేని పథ్యం చేయించటం వాడుకలో ఉన్నాయి. చదువుకొన్నవారు కూడా 'కామెర్లకు ఇంగ్లీషు మందు లేదు' అనటం మేము తరచుగా వింటున్నాము. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు, దానికొక కారణమున్నది. మన ప్రాంతంలో కామెర్లు కలిగించే సామాన్య వ్యాధులు కలుషితమైన నీరు, ఆహారం వలన వచ్చే ఎ, ఇ రకాల హెపటైటిస్. ఇవి సోకినవారిలో అత్యధికులకు కొద్ది వారాలలో వ్యాధి తనంతట తానే తగ్గిపోతుంది. ఆ వారాలలో ఏ మందు వేసినా, వేయకపోయినా తగ్గుతుంది. తగ్గించిన ఘనత మాత్రం పసరుకు దక్కుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి తగ్గిన మందు పదవవానికి కూడా పనిచేస్తుందని అనుకొంటాము. ఆ పదవవాని నాళంలో ఉన్నది కణితి అయినప్పుడు పసరు చేయగలిగినది ఏమీ లేదు. అక్కడ నష్టపోయేది కాలం.

మా ఎరుకలో జరిగిన ఒక సంగతి చెప్పటం అవసరమనిపిస్తున్నది. అరవై దాటిన ఒక కిరాణా వ్యాపారికి కళ్ళు పచ్చబడ్డాయి. జ్వరం లేదు, నొప్పి లేదు. ఇంటివారు ప్రక్క ఊరికి తీసుకొనిపోయి వారం వారం పసరు పోయించారు. నాలుగవ వారంలో పచ్చదనం కాస్త తగ్గినట్లు కనిపించింది. అందరూ సంతోషించారు. తరువాత మునుపటికంటె ఎక్కువయింది. ఎనిమిదవ వారంలో ఆస్పత్రికి వెళ్ళినప్పుడు వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న: "పెద్దాయనా, మలం ఏ రంగులో పోతున్నది?" దానికి ఆయన చెప్పిన జవాబు: "రెండు నెలల నుంచీ సున్నంలా తెల్లగా పోతున్నది డాక్టరుగారూ. పథ్యంలో పసుపూ కారం లేవు కదా, అందుకేమో అనుకొన్నాను." నాళం ప్రేగులో తెరుచుకొనే చోట కణితి ఉన్నదని పరీక్షలలో తేలింది. ఆ చోట పుట్టిన కణితి పైపొర ఒక్కొక్కప్పుడు రాలిపోయి దారి కొంత తెరుచుకొంటుంది, కామెర్లు తగ్గినట్లు తగ్గి మళ్ళీ పెరుగుతాయి. నాలుగవ వారంలో జరిగినది అదే. అప్పటికే కణితి ప్రక్కనున్న రక్తనాళాలను చుట్టుకొన్నది. రెండు నెలల ముందు వచ్చి ఉంటే శస్త్రచికిత్స సాధ్యమయ్యేదో కాదో ఎవరూ నిశ్చయంగా చెప్పలేరు. కాని ఆ సంగతి పరీక్షించి చూసే అవకాశమే లేకుండా పోయింది. ఆయన పది నెలలు బ్రతికారు.

నొప్పి లేదన్న కారణం చేతనే ఆ కుటుంబం ధైర్యంగా ఉన్నది. నిజానికి రాళ్ళ వలన వచ్చే కామెర్లలో తరచుగా నొప్పి, చలిజ్వరం ఉంటాయి. నొప్పి లేకుండా క్రమంగా ముదిరే కామెర్లే ఎక్కువ అనుమానించదగినవి. కామెర్లతో పాటు పిత్తాశయం నొప్పి లేకుండా చేతికి తగిలేటంతగా ఉబ్బి ఉంటే దానికి కారణం రాయి అయ్యే అవకాశం తక్కువ అని స్విట్జర్లాండు దేశపు శస్త్రవైద్యుడు కూర్వాజియే 1890లోనే గమనించాడు. ఆ సూత్రం నేటికీ వైద్య విద్యార్థులకు బోధిస్తున్నారు.

నిర్ధారణ

పరీక్షలు ఒక క్రమంలో సాగుతాయి. మొదటిది రక్తపరీక్ష. బిలిరుబిన్ సాధారణంగా డెసిలీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఉంటుంది. రెండు మూడు మిల్లీగ్రాములు దాటితే కన్ను పచ్చబడుతుంది. బిలిరుబిన్‌తో పాటు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా పెరిగి ఉంటే అడ్డు ఉన్నదని సూచన. సి.ఎ. 19-9 అనే మరొక పరీక్ష కూడా చేస్తారు. కాని దానినే నమ్ముకొనరాదు. రాళ్ళు, నాళంలో చీము వంటి సాధారణ కారణాలతో కూడా అది పెరుగుతుంది. రక్తవర్గానికి సంబంధించిన ఒక సహజ లక్షణం వలన కొద్దిమందిలో అది ఎన్నడూ పెరగదు.

రెండవది అల్ట్రాసౌండు. చిన్న పట్టణాలలో కూడా లభించే ఈ పరీక్ష నాళాలు ఉబ్బి ఉన్నాయా లేదా, ఎంతవరకు ఉబ్బాయి అన్నది చూపుతుంది. నాళాలు ఉబ్బి ఉంటే అది పసరుతో పోయే కామెర్లు కాదని ఆ రోజే తేలిపోతుంది. తరువాత సి.టి. స్కాను, ఎం.ఆర్.సి.పి. అనే అయస్కాంత చిత్రణ చేస్తారు. కణితి ఎక్కడ ఉన్నది, రక్తనాళాలను తాకినదా, కాలేయానికి గాని ఇతర భాగాలకు గాని ప్రాకినదా అన్నది ఇవి తెలుపుతాయి.

నోటి గుండా గొట్టాన్ని ఆంత్రమూలం వరకు పంపి, నాళపు ముఖంలోనికి రంగుమందు ఎక్కించి చిత్రాలు తీసే విధానం ఇ.ఆర్.సి.పి. దీనిని మొదట 1968లో అమెరికాలో చేశారు. జపాను వైద్యులు దానిని బాగా అభివృద్ధి చేశారు. హైదరాబాదులో డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఇట్టి గొట్టపు చికిత్సలకు దేశదేశాలలో పేరు పొందింది. దీనితో చిన్న కుంచె వంటి సాధనం ద్వారా నాళం గోడ నుండి కణాలను గీకి పరీక్షిస్తారు. అయితే ఈ కణితిలో పీచు భాగం ఎక్కువ, కణాలు తక్కువ. అందువలన క్యాన్సరు ఉన్నా సుమారు సగం సందర్భాలలో కుంచె పరీక్షలో కనిపించదు. 'పరీక్షలో క్యాన్సరు లేదన్నారు' అన్న మాటతో ఊరట చెంది ఇంటికి పోరాదు. దీనికి విరుద్ధమైన సంగతి కూడా ఉన్నది. ఐ.జి.జి.-4 అనే రక్షక పదార్థానికి సంబంధించిన ఒక శోథ వ్యాధి అచ్చం ఈ క్యాన్సరు వలెనే కనిపించి స్టెరాయిడు మందులతో తగ్గిపోతుంది. కాబట్టి శస్త్రవైద్యుడు, జీర్ణకోశ వైద్యుడు, స్కాను చదివే వైద్యుడు, కణపరీక్ష నిపుణుడు కలిసి నిర్ణయించవలసిన వ్యాధి ఇది.

ఇక్కడ కుటుంబాలు గుర్తుంచుకొనదగిన ఒక అంశమున్నది. నాళంలో గొట్టం పెట్టిన తరువాత వాపు వలన, గొట్టం నీడ వలన కణితి అసలు పరిమాణం స్కానులో స్పష్టంగా తెలియదు. చీము, తీవ్ర జ్వరం వంటి అత్యవసరం లేనప్పుడు స్కానులు ముందు, గొట్టం తరువాత అన్నది మేలైన క్రమం. "గొట్టం పెట్టక ముందే స్కాను పూర్తయిందా?" అని వినయంగా అడగటంలో తప్పు లేదు.

చికిత్స

పూర్తిగా నయం కావటానికి ముఖ్యమైన మార్గం కణితిని మొత్తంగా తొలగించటం. క్రింది భాగంలోని కణితికి క్లోమం తలభాగాన్ని, ఆంత్రమూలాన్ని, నాళాన్ని, పిత్తాశయాన్ని తీసివేసి ప్రేగులను తిరిగి కూర్చే పెద్ద శస్త్రచికిత్స చేస్తారు. 1935లో దానిని వర్ణించిన అమెరికా వైద్యుడు విపుల్ పేరనే అది ప్రసిద్ధమైంది. కాలేయ ద్వారం వద్ద ఉన్న కణితికి నాళంతో పాటు కాలేయంలో ఒక ప్రక్కను తీసివేస్తారు. కాలేయానికి తిరిగి పెరిగే శక్తి ఉన్నది. కాని మిగిల్చే భాగం చాలినంత ఉండాలి. ఆరోగ్యమైన కాలేయమైతే సుమారు నాలుగవ వంతు మిగిలినా సరిపోవచ్చు. కామెర్లతో దెబ్బతిన్నదైతే దాదాపు 40 శాతం కావలసి ఉంటుంది. అది చాలదనిపించినప్పుడు, తీసివేయబోయే భాగానికి పోయే సిరను ముందుగా మూసివేసి, మిగలబోయే భాగాన్ని కొన్ని వారాలు పెరగనిస్తారు. ఈ పద్ధతిని 1980 దశకంలో జపాను శస్త్రవైద్యుడు మాకూచి ప్రవేశపెట్టాడు. కాలేయ ద్వారపు కణితి మూడు సెంటీమీటర్ల లోపు ఉండి, ఇతరత్రా ప్రాకక, కోయటానికి మాత్రం వీలుకాని కొద్దిమందికి రేడియేషను, మందుల తరువాత కాలేయ మార్పిడి చేసే విధానాన్ని అమెరికాలోని మేయో క్లినిక్ 1993లో ఆరంభించింది.

శస్త్రచికిత్స అనంతరం సుమారు ఆరు నెలలపాటు కేపిసిటబిన్ అనే మాత్రలు ఇవ్వటం నేడు ఆచారమైంది. బ్రిటనులో 447 మంది రోగులపై జరిగి 2019లో ప్రకటితమైన పరిశోధన అందుకు ఆధారం.

విచారకరమైన సంగతి ఏమనగా, శస్త్రచికిత్సకు వీలున్న దశలో వైద్యుని చేరేవారు అల్పసంఖ్యాకులే. తక్కినవారికి మందుల చికిత్స ఉన్నది. జెమ్‌సైటబిన్, సిస్‌ప్లాటిన్ అనే రెండు మందులు కలిపి ఇస్తే, ఒక్క జెమ్‌సైటబిన్ ఇచ్చినప్పటికంటె ఆయువు పెరుగుతుందని 2010లో 410 మంది రోగులపై జరిగిన పరిశోధన నిరూపించింది. మధ్యస్థ జీవితకాలం 8.1 నెలల నుండి 11.7 నెలలకు పెరిగింది. ఈ రెండింటికి రోగనిరోధక శక్తిని మేల్కొలిపే డుర్వాలుమాబ్ అనే మందును జోడించే పద్ధతి 2022లో వచ్చింది. కణితిలోని జన్యుమార్పును గుర్తించి దానికి తగిన మందు ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. కాలేయం లోపలి కణితులలో కొన్నింటికి అమెరికాలో 2020లో పెమిగాటినిబ్, 2021లో ఐవోసిడెనిబ్ అనుమతి పొందాయి. ఇవి అందరికీ పనికివచ్చేవి కావు. ఖరీదు కూడా సామాన్యులకు భారమే.

కణితిని తీయలేనప్పుడు కూడా చేయదగినది చాలా ఉన్నది. మూసుకొన్న నాళంలో ప్లాస్టిక్ లేక లోహపు గొట్టం అమర్చితే పైత్యం మళ్ళీ పారుతుంది. దురద తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, నిద్ర పడుతుంది. ప్లాస్టిక్ గొట్టం సాధారణంగా మూడు నెలలకు పూడిపోతుంది, మార్చవలసి ఉంటుంది. లోహపుది ఎక్కువకాలం నిలుస్తుంది. గొట్టం ఉన్నవారికి చలితో జ్వరం వస్తే అది మామూలు జ్వరమని ఊరుకొనక వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. నొప్పి తగ్గించే మందులను చివరిదాకా దాచిపెట్టవలసిన పని లేదు. రోగికి బాధ లేకుండా చూడటం చికిత్సలో భాగమే.

మనం చేయగలిగినది

ఈ వ్యాధిని రాకుండా ఆపే టీకా ఏదీ లేదు. హెపటైటిస్ బి టీకా ఒక కారణాన్ని మాత్రం తొలగిస్తుంది. లక్షణాలు లేనివారందరికీ చేయదగిన సులభ పరీక్ష కూడా లేదు. మన చేతిలో ఉన్నది కామెర్లు కనిపించిన నాటి నుండి స్కాను జరిగే నాటివరకు గల కాలాన్ని తగ్గించటమే. ఆ కాలం వారాలు కారాదు, రోజులు కావాలి.

మా విద్యార్థులలో చాలామంది తమ ఇండ్లలో మొదటి తరం చదువరులు. ఆస్పత్రి చీటీ చదివి చెప్పేది, రక్తపరీక్ష అంకెలు పెద్దలకు వివరించేది వారే. ఇంట గాని ఇరుగుపొరుగున గాని ఎవరికైనా కళ్ళు పచ్చబడితే సిగ్గుపడక మూడు ప్రశ్నలు అడగండి. మలం తెల్లబడినదా? ఒళ్ళు దురద పెడుతున్నదా? నొప్పి, జ్వరం లేకుండానే పచ్చదనం పెరుగుతున్నదా? వీటిలో ఏ ఒక్కదానికైనా 'అవును' అన్న జవాబు వస్తే, వయసు నలభై దాటి ఉంటే మరీ ముఖ్యంగా, ఆ వారంలోనే రక్తపరీక్ష, అల్ట్రాసౌండు చేయించండి. నాళాలు ఉబ్బి ఉన్నాయని వ్రాసి ఉంటే నిమ్స్, ఉస్మానియా వంటి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రులలో జీర్ణకోశ శస్త్రచికిత్స విభాగాలున్నాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలలో ఏ చికిత్సకు సహాయం లభిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకొనవచ్చు.

పసరు త్రాగించిన పెద్దలను ఎగతాళి చేయకండి. వారు తమకు తెలిసిన మేలు చేయబోయారు. పథ్యం పెట్టే తల్లితో, నాయనమ్మతో వాదానికి దిగటం కంటె "ముందు స్కాను చేయిద్దాం, రాయో కణితో లేదని తేలితే మీరు చెప్పినట్లే పథ్యం చేద్దాం" అని చెప్పటం మంచిది. ఆ మాటకు ఒప్పుకొనని పెద్దలు తక్కువ.